అద్దాలాయన గుడ్డలు

మా ఆయన్ని మా వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. అద్దాలాయన అనేవారు. అలాగని మాకు అద్దాల కొట్టేమీ లేదు. ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఆయన కార్లకు చేత్తో మైనం పట్టించేవారు. పక్క సందులోని మంగలి ఒకసారి అక్కడ నిలబడి ఒక నల్లకారు తలుపులో తన మీసం చూసుకుని, "అన్నా, నా షాపులో అద్దాలు పీకేసి నీ తలుపులు రెండు బిగించుకుంటాను, ఇస్తావా?" అన్నాడట. ఆ మాట టీకొట్టు దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి అదే పేరైంది.

ఆయన చనిపోయే నాటికి ఆ పేరు పోయింది. పోగొట్టింది నేను. ఈ సంగతి ఎనిమిది నెలలు నాకే తెలియదు. తెలిశాక మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఆయన పదిహేనేళ్ళ వయసులో కార్లు అమ్మే పెద్ద షోరూములో కడిగే పనికి చేరారు. తరవాత మైనం పని నేర్చుకున్నారు. అక్కడికి మెషీన్లు వచ్చాక మానేసి ఈ షెడ్డు వేసుకున్నారు. మెషీను మంచిదే కదా అంటే, "దానికి తిరగడం తెలుసు గానీ ఆగడం తెలీదే. చేతికి రెండూ తెలుసు" అనేవారు. రోజుకు ఒక్క కారే పట్టేవారు. ఎండలో ముట్టుకునేవారు కాదు. ముందు శుభ్రంగా కడిగి, ఆరాక, మైనం ఇంత తీసి, పలచగా, ఉందా లేదా అన్నట్టు పట్టించేవారు. అది ఆరి తెల్లగా మసకబారేదాకా కూర్చుని, వేలితో ఒకచోట గీసి చూసేవారు. వేలి కింద శుభ్రంగా మెరిస్తే తుడవడం మొదలు. గుడ్డను నాలుగు మడతలు వేసి, ఒక్కో ముఖం మాసిన కొద్దీ తిప్పుకుంటూ వెళ్ళేవారు. చెయ్యి గుండ్రంగా తిప్పకూడదు, ముందుకీ వెనక్కీ పోవాలి. గుండ్రంగా తిప్పితే ఎండ పడ్డప్పుడు సన్నసన్న గీతలు సాలెగూడులా కనిపిస్తాయట. వాటిని సుడిగీతలు అనేవారు.

అన్నిటికన్నా గుడ్డల దగ్గర ఆయనకు పట్టింపు. అరిగిపోయిన తన బనీన్లే చింపి వాడేవారు. ఒకసారి నేను జాలిపడి బజారు నుంచి మెత్తటి కొత్త గుడ్డ రెండు గజాలు తెచ్చాను. దాన్ని బుగ్గకు ఆనించి చూసి తిరిగి నా చేతిలో పెట్టారు.

"కొత్తది పనికిరాదే. దీనికి మిల్లులో గంజి పెడతారు. ఏడు ఉతుకులు పడి ఆ గంజి పోతే గానీ కారు మీదికి రాకూడదు. ఎండిన గంజి అంటే గాజుపొడి లెక్క."

"అయితే ఏడేళ్ళు పోయాక వాడండి," అని నవ్వాను. అది నాకు బాగా గుర్తుంది. నవ్వాను కూడా.

గుడ్డ కింద పడిందంటే ఇక దాని ఉద్యోగం ఊడినట్టే. దాన్ని చక్రాలు తుడవడానికి పడేసేవారు. "నేను కింద పడ్డా ఇలాగే వదిలేస్తారా?" అని అడిగాను ఒకసారి. "నిన్నైతే ఎత్తుతాను. గుడ్డనైతే ఎత్తను" అన్నారు. ఆ మాట పక్క షెడ్డులో పెయింటరు విని నెల రోజులు ఏడిపించాడు. ఈ పెయింటరు ఆయన కన్నా పదేళ్ళు చిన్న. ఆయన్ని అన్నా అనీ నన్ను వదినా అనీ పిలుస్తాడు. గీతలు పడ్డ కార్లకు రంగు వేయడం అతని పని, వాటికి మెరుగు తేవడం ఈయన పని. ఒక గోడకు అటూ ఇటూ ఇరవై ఏళ్ళు.

మాకు పిల్లలు కలగలేదు. ఆయనకు కార్లు, నాకు బట్టలు. మా అమ్మ ఇస్త్రీ చేసి నన్ను పెంచింది. అయిదో తరగతి దాటాక నన్ను బడి మానిపించి గంజి బకెట్టు దగ్గర కూర్చోబెట్టింది. నలగని బట్ట కట్టిన మనిషిని ఎవరూ నిలబెట్టి మాట్లాడరు, కూర్చోమంటారు అనేది. ఆ అలవాటు నాకు ఎముకల్లో పట్టింది. మా ఇంట్లో దుప్పటి గంజి, తలగడ గలీబు గంజి, కిటికీ తెర గంజి. "నీ చేతిలో పడితే గాలికి కూడా గంజి పెట్టి ఆరేస్తావు" అని ఆయన వేళాకోళం చేసేవారు. ఆయన గుడ్డలు మాత్రం నా దగ్గరికి వచ్చేవి కావు. విడిగా ఒక బకెట్టులో, కొంచెం సబ్బునీళ్ళలో ఆయనే జాడించుకుని, షెడ్డు లోపల దండెం మీద నీడన ఆరేసుకునేవారు.

ఆయన పోవడానికి ఏడాది ముందు అది మారింది. షుగరు ముదిరింది. వేళ్ళ కొసలు మొద్దుబారాయి. టీ గ్లాసు వేడిగా ఉందో చల్లగా ఉందో ఆయనకు పెదవికి తగిలితే గాని తెలిసేది కాదు. నీళ్ళలో నాని చర్మం పగుళ్ళు తేలుతోంది, తడిపని తగ్గించండి అని డాక్టరు చెప్పాడు. ఆ పూటే నేను ఆ బకెట్టు లాక్కున్నాను.

"విడిగా ఉతకాలి సుమా," అన్నారు.

"విడిగానే ఉతుకుతాను."

విడిగానే ఉతికాను. ఆ మాట తప్పలేదు. కానీ ఆరేశాక చూస్తే చీకిపోయిన బనీను ముక్కలు పీలికల్లా వేలాడుతున్నాయి. షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళంతా చూస్తారే, నా చేతి ఉతుకు ఇదేనా అనుకుంటారే అనిపించింది. ఆ రోజు చొక్కాలకు కలిపిన గంజి బకెట్టులో ఇంకా కాస్త ఉంది. పారబొయ్యడం ఎందుకని వాటిని అందులో ముంచాను. పలచటి గంజే, చేతికి ఆనీ ఆననట్టు. ఆరాక ఇస్త్రీ పెట్టి నాలుగు మడతలు వేసి దొంతరగా పేర్చాను. ఆ దొంతర చూసి ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"అబ్బో! తుడుపు గుడ్డలకే ఇంత మర్యాదా? ఇక నన్ను కూడా ఇస్త్రీ చేసి ఓ మూల పెట్టెయ్యవే."

గంజి సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. దాచాలని కాదు. బట్ట ఉతికితే గంజి పెట్టడం నాకు ఊపిరి పీల్చినట్టే, చెప్పాలని తోచలేదు. మిల్లు గంజి గురించి ఆయన చెప్పిన మాట మిల్లు దగ్గరే ఉండిపోయింది. నా బకెట్టు దాకా రాలేదు.

నెల తిరక్కుండానే మొదటి ఫిర్యాదు వచ్చింది. ట్యాక్సీ స్టాండులో నాలుగు కార్లున్న ఓనరు ఒకాయన ఉన్నాడు, నోరు పెద్దది. తన నల్లకారు తెచ్చి ఎండలో ఆపి హారను కొట్టాడు.

"ఏమయ్యా అద్దాలాయనా, దీనికి మైనం పట్టించావా, పిల్లి చేత గోకించావా?"

ఆయన వెళ్ళి చూశారు. బానెట్టు నిండా సుడిగీతలు. పైన ఊపిరి తగిలిన అద్దంలా ఒక తెల్లటి మసక. మళ్ళీ చేసిస్తానని తీసుకున్నారు. మళ్ళీ అదే గుడ్డలతో చేశారు. ఇంకాస్త ఎక్కువైంది. తరవాత ఎర్రకారు, ఆ తరవాత ఇంకొకటి. మైనం డబ్బా మార్చారు. నీళ్ళు మార్చారు. కళ్ళజోడు మార్చారు. మైనం మందమైందేమోనని ఇంకా పలచన చేశారు. చివరికి చెయ్యి చాచి నా ముందు పెట్టి, "వణుకుతోందా చూడు" అన్నారు. వణకడం లేదు.

పెయింటరు కూడా మంచికే చెప్పాడు. "చెయ్యి అలిసిపోయిందన్నా. ఎవరికైనా వస్తుంది. నా మెషీను తీసుకో, సిగ్గెందుకు?" ట్యాక్సీ ఓనరు టీకొట్టు దగ్గర కొత్త పేరు పెట్టాడు. మసకాయన. "మసకాయన దగ్గరికి కారిస్తే పొద్దున ఇచ్చి సాయంత్రానికి మంచు పట్టించుకు తెచ్చుకోవాల్సిందే" అంటే అందరూ నవ్వారట. ఆయనే ఇంటికొచ్చి నాకు చెప్పారు, తనూ నవ్వుతూ.

ఒక సాయంత్రం నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో ఒక గుడ్డ.

"ఏమే, వీటిలో ఏమైనా తేడా ఉందంటావా? నా వేళ్ళకి తెలీడం లేదు. నువ్వోసారి పట్టి చూడు."

పగలంతా నడుం నొప్పి. నా పనిలో తప్పు వెతుకుతున్నారనిపించింది. ఒళ్ళు మండింది.

"ఇరవై ఎనిమిదేళ్ళు మీ మైనం చొక్కాలు ఉతికిన చేతులివి. ఇప్పుడు నా ఉతుకులో తేడా వచ్చిందా? నచ్చకపోతే రేపట్నుంచి మీరే ఉతుక్కోండి."

"అబ్బే, ఊరికే అడిగాన్లే," అన్నారు. గుడ్డను దొంతర మీద పెట్టి, అంచులు సరిచేసి వెళ్ళిపోయారు.

పట్టి చూడమన్నారు. నేను పట్టి చూడలేదు. ఇంకేమీ అడగలేదు ఆయన.

ఆఖరుగా చేసింది హెడ్మాస్టరమ్మగారి కారు. ఆవిడ రిటైరయ్యి చాలా కాలమైంది, ముదురు నీలం కారు, పద్నాలుగేళ్ళుగా మా షెడ్డుకు తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఆ రోజు కారు ఇచ్చేముందు ఆయనే టార్చి వేసి చూపించారట. "ఇదిగోనండి, పాడుచేశాను. వచ్చే ఆదివారం మళ్ళీ తీసుకురండి, సరిచేస్తాను." ఆవిడ వెళ్ళాక షెడ్డు షట్టరు దించారు. ఆ ఆదివారం ఎత్తలేదు. ఆ పై ఆదివారమూ ఎత్తలేదు.

రెండు నెలలు షట్టరు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎడం చేత్తో కుడి చెయ్యి పట్టుకుని, దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు తిప్పి చూసేవారు. "చెయ్యి అలిగిందే నా మీద" అన్నారు ఒకరోజు. ఒక పొద్దున నేను టీ ఇచ్చి లోపలికెళ్ళి వచ్చేసరికి గ్లాసు నిండుగా అలాగే ఉంది. గుండె అన్నారు. షుగరు వల్ల అన్నారు.

ఎనిమిది నెలలు గడిచాక, ఒక బుధవారం, హెడ్మాస్టరమ్మగారు వచ్చారు. కారు తమ్ముడి కూతురికి ఇచ్చేస్తున్నారట.

"నలుగురిలోకి వెళ్ళే పిల్ల. మసకకారు ఇవ్వడం బాగోదమ్మాయ్. మీ ఆయనే చేస్తాడని ఇన్నాళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడెవరు చేస్తారో నువ్వే చెప్పు."

గోడ మీదుగా పెయింటర్ని పిలిచాను. వచ్చి బానెట్టు మీద టార్చి వేశాడు. దీపం చుట్టూ గీతలు గుండ్రంగా లేచాయి. చాలాసేపు వంగి చూశాడు.

"ఇదేంటి వదినా? అన్న చెయ్యి ఎప్పుడూ నిలువుగానే పోయేది. గీతలేమో గుడ్డ తగిలిన ప్రతిచోటా ఒకే తీరుగా పడ్డాయి. చెయ్యి తప్పితే ఇలా పడవే. అన్న గుడ్డలున్నాయా?"

ఉన్నాయి. నేను ఇస్త్రీ చేసి పేర్చిన దొంతర అలాగే బీరువాలో ఉంది. ఒకటి తెచ్చిచ్చాను. అతను తన బండిలోంచి ఒక పాత పాటల సీడీ తెచ్చి, దాని మెరిసే వైపు గుడ్డతో పదిసార్లు రుద్ది, వెలుతురుకు పట్టాడు. సీడీ నిండా గీతలు.

"దొరికాడు దొంగ! గుడ్డేనండీ మేడమ్. చెయ్యి కాదు. ఇన్నాళ్ళూ గుడ్డే!" అంటూ అతను ఆ సీడీ పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. "గుడ్డలో ఇసుకేమన్నా పడిందా వదినా? ఎక్కడ ఆరేసేవారు?"

"షెడ్డులోనే. దండెం మీద."

"అయితే రోడ్డు దుమ్మే. గాలికి పట్టుంటుంది. ఛ, పాపం అన్న!"

"అయ్యుండొచ్చు," అన్నాను.

అతను గుడ్డ తిరిగి నా చేతిలో పెట్టాడు. మడత విప్పితే పెళ్ అంది. ఎంత సన్నగా అన్నా ఆ చప్పుడు నాకు తెలియకపోవడమేమిటి? చిన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగాను. ఆదివారం కారు తెస్తానని ఆవిడ వెళ్ళారు, ఆ రోజు మెషీను తెస్తానని అతను వెళ్ళాడు. నేను గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

వాళ్ళు వెళ్ళాక చేతిలోది పక్కన పెట్టి, బకెట్టులో చల్లటి నీళ్ళు పోసి మిగతా గుడ్డలన్నీ నానేశాను. గంటకు నీళ్ళు తెల్లగా, పాలగిన్నె కడిగిన నీళ్ళలా అయ్యాయి. వేళ్ళ మధ్య జారుడుగా తగిలింది. పారబోసి మళ్ళీ పోశాను. మర్నాడూ అదే పని. ఏడు ఉతుకులు లెక్కపెట్టి ఉతికాను. నాలుగో ఉతుక్కి నీళ్ళు తేటబడ్డాయి, అయినా ఏడూ ఉతికాను. షెడ్డు లోపల నీడన ఆరేశాను. పీలికల్లా వేలాడాయి. బుగ్గకు ఆనించుకుంటే ఎంత మెత్తగా ఉన్నాయో.

ఆ మూడు రోజుల్లో పెయింటరు వీధంతా చెప్పాడు. "అన్న తప్పు లేదు, దుమ్ము పట్టిన గుడ్డలు" అని. కొందరు నమ్మారు. ట్యాక్సీ ఓనరు మాత్రం, "పనివాడన్నాక గుడ్డలో దుమ్ము చూసుకోడా? అదీ మసకే" అన్నాడట. అంటే తప్పు మళ్ళీ ఆయన మీదికే వెళ్ళింది. నేను నోరు విప్పితే తప్ప ఆయన మీది నుంచి అది దిగదు. విప్పితే నా మీదికి వస్తుంది. పక్కింటావిడ గోడ దగ్గర "పాపం, ఎంత బాగా చూసుకున్నావు ఆయన్ని!" అంటే తల వంచుకుని లోపలికి వచ్చేశాను. ఆ మాట వినడం ఇక ఎప్పటికీ మానుకోలేనేమోనని భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే షట్టరు ఎత్తాను. తుప్పు పట్టి సగంలో ఆగింది. పెయింటరు భుజం పెట్టి నెట్టాడు. కారు లోపల నీడన పెట్టించాను. హెడ్మాస్టరమ్మగారికి కూర్చోవడానికి ఏమీ కనపడక ఆ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన చివరిదాకా కూర్చున్న కుర్చీ అది, లెమ్మని ఎలా అంటాను?

పెయింటరు మెషీను వైరు ప్లగ్గులో పెడుతుంటే వద్దన్నాను.

"చేత్తో చేద్దాం తమ్ముడూ. నేను చేస్తాను. ఎలాగో చెప్పు."

"మీరా? భుజాలు పడిపోతాయి వదినా. ఒక్క బానెట్టుకే పూట పడుతుంది."

"దుప్పట్లు పిండిన భుజాలయ్యా ఇవి. పడనీ."

రెండు బకెట్లతో కారు కడిగాం. ఒకదాంట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. ఆరాక అతను స్పిరిట్‌లో నీళ్ళు కలిపి, దాంతో పాత మైనమంతా తుడిచేశాడు. అప్పుడు మసక సగం పోయింది. ఆ తెల్లదనం మైనంలో కలిసి అంటుకుపోయిన గంజి అని అతనికి తెలియదు, నాకు తెలుసు. మసక పోగానే కింద ఉన్న గీతలు ఇంకా బాగా కనపడ్డాయి. "మసక పైపైదే వదినా, తుడిస్తే పోతుంది. గీతలే అసలు తలనొప్పి. రంగు మీద అద్దం లాంటి పొరొకటి ఉంటుంది. గీతలు ఆ పొరలో ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్నది సన్నగా అరగదీసి, వాటితో సమానం చెయ్యాలి. ఎక్కువ అరిగితే పొర పోతుంది. కాబట్టి మెల్లిగా."

స్పాంజి మీద బఠాణీ గింజంత మెత్తటి పాలిష్ వేసి ఇచ్చాడు. ముందు ఒక మూల, అరచెయ్యంత చోట చేసి చూడమన్నాడు. నిలువుగా కొన్నిసార్లు, అడ్డంగా కొన్నిసార్లు, చెయ్యి బరువు మోపకుండా. పాలిష్ పలచబడి కనపడకుండా పోయేదాకా. తరవాత మెత్తటి గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాం. ఆ అరచెయ్యంత చోట సాలెగూడు లేదు. నీలం రంగు లోతుగా, బావిలో నీళ్ళలా ఉంది.

"భేష్ వదినా! అన్న చెయ్యి మీకొచ్చింది," అన్నాడు పెయింటరు.

ఆ మాట నేను తీసుకోలేకపోయాను. స్పాంజి పక్కన పెట్టాను.

"దుమ్ము కాదు తమ్ముడూ. గంజి."

"ఏంటి?"

"గుడ్డలకు గంజి పెట్టాను. నేనే. పది నెలల పాటు, ఉతికిన ప్రతిసారీ. ఆయనకు చెప్పలేదు. ఆయన వేళ్ళకు తెలీలేదు. ఒకరోజు నన్ను పట్టి చూడమన్నారు కూడా. నేను పట్టి చూడకుండా కసిరాను."

అతను నన్నే చూస్తున్నాడు. నవ్వబోయినట్టు పెదవి కదిలి ఆగింది. గుడ్డ విసిరి కొడతాడేమో అనుకున్నాను. మెల్లిగా బానెట్టు మీద పెట్టాడు.

"నేను కూడా చెయ్యి అలిసిపోయిందన్నా అన్నాను ఆయనతో. మొహం మీదే అన్నాను."

"నా వల్లే అన్నావు."

"ఒక్కమాట వదినా. ఒక్కమాట చెప్పుంటే..."

"బతికేవారా?"

"బతికేవాడని కాదు. అది నాకు తెలీదు." అతని కళ్ళు కుర్చీ వైపు వెళ్ళాయి. "ఆ రెండు నెలలు అక్కడ కూర్చునేవాడు కాదు."

అని బయటికి వెళ్ళిపోయాడు. గోడ అవతల ఏదో డబ్బా తన్నిన చప్పుడైంది. హెడ్మాస్టరమ్మగారు అతని చూపు ఎటు పోయిందో గమనించినట్టున్నారు. కుర్చీలోంచి లేచి, దాన్ని గోడకు ఆనించి పెట్టి, నిలబడ్డారు. ఓదారుస్తారనుకున్నాను. ఓదార్చలేదు.

"నాకు చెబితే ఏం లాభం అమ్మాయ్? నేనెప్పుడూ ఆయన్ని ఏమీ అనలేదే. అన్నవాళ్ళు ఎక్కడున్నారు?"

"టీకొట్టు దగ్గర. ట్యాక్సీ స్టాండులో."

"అక్కడికెళ్ళి చెప్పు. ముందు ఈ బానెట్టు పూర్తి చెయ్యి. సగం చేసిన కారు నాకొద్దు."

చేశాను. కాసేపటికి పెయింటరు కూడా వచ్చి తలుపుల వైపు మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటేసరికి నా మోచేతులు నావి కాకుండా పోయాయి. చివర మైనం పలచగా పట్టించి, అది తెల్లబడేదాకా నిలబడ్డాం. వేలితో గీసి చూశాను. వేలి కింద మెరిసింది. నాలుగు మడతల గుడ్డతో, ముఖం మారుస్తూ, ముందుకీ వెనక్కీ తుడిచాను. డ్రైవరు తలుపు పిడి కింద రెండు గీతలు మాత్రం పోలేదు. లోతుకు దిగాయి, ఇంకా అరగదీస్తే పొర పోతుందన్నాడు పెయింటరు. అలాగే వదిలేశాం. ఆవిడకు చూపించాను. "ఉండనీ" అన్నారు.

కారు వెళ్ళాక, చేతులు కడుక్కోకుండానే ట్యాక్సీ స్టాండుకు వెళ్ళాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ టీకొట్టు ముందు ఎప్పుడూ ఆగలేదు. చేతిలో గంజి గుడ్డ ఒకటి ఉంది. సీడీ రుద్ది చూసిన గుడ్డ, అదొక్కటే ఉతక్కుండా ఉంచాను. అక్కడ ఏడెనిమిది మంది బెంచీల మీద ఉన్నారు. ట్యాక్సీ ఓనరు నన్ను చూసి కాలు మీంచి కాలు తీశాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఇలా వచ్చావు?"

"మా ఆయన్ని మీరు మసకాయన అన్నారట."

ఓనరు మెడ గోక్కున్నాడు. "అబ్బే, అది... సరదాకి అన్నదమ్మా. పోయినాయన్ని ఇప్పుడు..."

"సరదాకి అన్నా ఆయన విన్నారు. మీ నల్లకారు పాడుచేసింది ఆయన కాదు. నేను." గుడ్డ అతని చేతిలో పెట్టాను. "రుద్ది చూడండి. గంజి పెట్టాను దీనికి. ఆయనకు తెలీదు. ఆయన చేతిలో ఏ తేడా లేదు, ఆఖరు రోజు దాకా."

ఇంకా ఏదో చెప్పాలనుకుని వచ్చాను, గుర్తు రాలేదు. ఓనరు గుడ్డను వేళ్ళతో నలిపాడు. పెళ్ అంది. పక్కవాడి చేతికిచ్చాడు. అతను ఇంకొకడికిచ్చాడు. అలా బెంచీ చివరిదాకా వెళ్ళింది.

"తుడుపు గుడ్డకి గంజా?" అన్నాడు చివర కూర్చున్న డ్రైవరు, ఆపుకోలేక. ఒకడు కిసుక్కుమన్నాడు. నాకు కోపం రాలేదు. నవ్వవలసిన సంగతే.

ఓనరు నవ్వలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "అయితే మన అద్దాలాయన..." అని ఆగిపోయాడు. తరవాత ఏమన్నాడో సరిగా వినలేదు. ఆ పేరు విన్నాను, అంతే. గుడ్డ తిరిగి తీసుకుని వచ్చేశాను. వెనకనించి మళ్ళీ నవ్వు వినపడింది, ఈసారి నా మీద.

ఇప్పుడు ఆయన గురించి మాట్లాడితే స్టాండులో అద్దాలాయన అనే అంటున్నారని పెయింటరు చెప్పాడు. నాతో మాట్లాడతాడు గానీ, మునుపటిలా గోడ మీంచి వేళాకోళాలు లేవు. ఎందుకు లేవని నేను అడగను. పక్కింటావిడ ఎంత బాగా చూసుకున్నావు అనడం మానేసింది. టీకొట్టు వాళ్ళు నాకూ ఒక పేరు పెట్టారు. గంజమ్మ. నిన్న కూరల బండి దగ్గర ఎవరో "గంజమ్మగారూ, కాస్త జరుగుతారా" అన్నారు.

జరిగాను. ఆయన విన్న పేరు కన్నా ఇది చిన్నదే. పిలిస్తే పలుకుతాను.